మిరాశి

హన్మకొండ మీసేవలో
నా కుర్చీకి ఒక కాలు కురచ.
దాని కింద ఎవరిదో తిరస్కరించిన దరఖాస్తు మడిచిపెట్టి
పొద్దంతా వారసులను టైపు కొడ్తుంట.

మృతుని పేరు. మృతునితో సంబంధం.
భార్య, కొడుకు, కొడుకు.
బిడ్డ పేరు చివరికి చెప్తరు.
కొందరైతే పైసలు కట్టి, మెట్లు దిగి,
ఎందుకో ఆగి
మళ్ల తిరిగొచ్చి చెప్తరు.

వారసత్వం అని కొట్టేటప్పుడు
నా వేళ్లు జరంత ఆగుతయి.
ఈ మాట ముందటి సగం అరబ్బు దిక్కుది,
గుర్రం మీదొచ్చిందో, ఫర్మానా మీదొచ్చిందో.
వెనుక తోక సంస్కృతం.
రెండింటికి పెండ్లి ఎవరు చేసిండ్రో
ఏ రిజిస్టర్ల సాక్షి సంతకం లేదు.
పుట్టిన పిల్ల మాత్రం మన ఇంట్లనే పెరిగింది,
మన జొన్న గటకే తాగింది.
పంపకాల కాడ ఇప్పుడు
అందరికన్న పెద్ద గొంతు దానిదే.

దానికొక అక్క ఉన్నది.
మిరాశి.
అరబ్బు తల్లి కడుపే.
ఫారంల దానికి గడి లేదు.

మా తాత నర్సింహరాములుకు ఏడూర్లుండె.
తాసీల్ల చెప్తే నవ్విండ్రట.
"ఎన్ని ఎకరాలు?"
"ఎకరాల్లేవు సారు. ఊర్లే."

ఊర్లంటే ఆ ఊర్ల సాలోళ్ల గడపలు.
మూడేండ్లకోపారి పటం చుట్ట భుజానేసుకొని పోయి
గుడ్డమీది కథను గజం గజం విప్పుకుంట
వాళ్ల పుట్టుక వాళ్లకే చెప్పే హక్కు.
చెప్పినందుకు కుంచెడు వడ్లు,
మగ్గం మీంచి అప్పుడే కోసిన
గంజివాసన పోని పంచె.
ఇంకొకడు పోయి చెప్తే పంచాయితే.

ఇద్దరు కొడుకులకు ఏడూర్లు ఎట్ల పంచాలె?
పెద్దోనికి మూడు, చిన్నోనికి మూడు.
ఏడోది వంతులు.
పటం మాత్రం కోయొద్దన్నడు తాత.
కోస్తే మార్కండేయుడు మా నాయినకు,
యముడు చిన్నాయినకు పోతడు,
ఇగ ఆ పోరడు ఎవరికి భయపడి
లింగాన్ని పట్టుకోవాలె?

నాకు ఊరు రాలేదు.
పటం అడుగు కర్ర పట్టుకునే పని వచ్చింది,
తొమ్మిదేండ్లప్పటి సంది.
కిందికెళ్లి చూస్తే
దేవతల కాళ్లే కనపడ్తుండె.
కాళ్లను పట్టే కథంత నేర్చుకున్న.

తర్వాత గడపలే లేచిపోయినయి.
మగ్గం గుంతలు పూడ్చి
ఒకరెనుక ఒకరు సూరత్, భీవండి.
చిన్నాయిన పటం తీసుకొని
వాళ్లెంబడే రైలెక్కిండు.
అక్కడ సాంచలు ఆగవు.
కథ గొంతుల్నే ఉండిపోయిందట.
ఆ పంచె మాత్రం ఇచ్చిండ్రట, మిషిన్‌ది,
గంజివాసన లేనిది.

ఇప్పుడు ఈ మాట
కాజీపేట బస్సుల సీటు మీద రుమాలేసినోన్ని
తిట్టెటందుకే మిగిలింది:
"ఇదేమన్న నీ మిరాశా?"

మొన్న గురువారం ఒక ముసలాయన,
గద్దె బుచ్చిలింగం,
తమ్ముడు సచ్చిపోయిండని వచ్చిండు.
ఊరి పేరు చెప్పిండు.
ఏడో ఊరు.
నేను తలెత్తిన.
ఆయన నా కాడి బోర్డు మీద ఇంటిపేరు
వేలు పెట్టి కూడబలుక్కొని చదివి
"మీరు మాకు చెప్పేటోళ్లు గదా" అన్నడు.

నలబై ఐదు రూపాయలు కట్టిండు.
వాటి పక్కన, అంటకుండ,
యాబై నోటు విడిగ పెట్టిండు.
రశీదుల అది దేని కిందికీ రాదు.

"ఈ ఏడు మా ఊరు ఎవరి వంతు బిడ్డా?"

మా నాయిన లేడు. చిన్నాయిన భీవండిల.
"నాదే" అన్న.

నోటు తీసుకున్ననో లేదో,
ఆయన కౌంటర్ మీద మోచేతులు ఆనించి
మొదటి కాళ్లు ఎవరియి, చెప్పు అన్నట్టు నిలబడ్డడు.
వెనుక లైన్లకెళ్లి ఎవడో మొత్తుకున్నడు:
"ఓ పెద్దమనిషీ, జరుగు!
కౌంటరేమన్న నీ మిరాశా?"